దయ్యం పట్టు

చచ్చిపోయాక కూడా కొలువు మానని మనిషి ఒకడున్నాడు ఫైటింగ్ గేముల్లో. పేరు గీస్ హోవర్డ్. జపాన్ కంపెనీ ఎస్‌ఎన్‌కే 1991లో నియో జియో యంత్రాల మీదికి తెచ్చిన ‘ఫేటల్ ఫ్యూరీ’లో సౌత్ టౌన్ అనే ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషి అతనే. కథానాయకుడు టెర్రీ బొగార్డ్ తండ్రిని చంపినవాడూ అతనే. 1995లో ‘రియల్ బౌట్ ఫేటల్ ఫ్యూరీ’ ముగింపులో తన సొంత టవర్ మీద నుంచి పడిపోతూ, టెర్రీ అందించిన చేతిని కాదని నవ్వుతూ పోయాడు. కథ వరకు అక్కడితో సరి. రెండేళ్లకు, 1997లో వచ్చిన ‘రియల్ బౌట్ ఫేటల్ ఫ్యూరీ స్పెషల్’లో మాత్రం దాగి ఉండే ప్రత్యర్థిగా మళ్ళీ ఎదురుపడ్డాడు. అదే తెల్లని పైబట్ట, అదే ఎర్రని హకామా, అంటే జపాన్ తరహా వదులు లాగు. కొత్తగా తల మీద ఒక వెలుగు వలయం. ఈ రూపాన్ని నైట్‌మేర్ గీస్ అన్నారు.

వలయం గుర్తు మాత్రమే. ఒళ్ళు జలదరించే సంగతి అతని చేతుల్లో ఉంది. దయ్యంగా మారకముందు నుంచీ గీస్ ఆట దయ్యం ఆటే. అతను మీద పడి కొట్టడు. మీరు కొట్టేదాకా నిలబడతాడు. మీ చెయ్యి తగిలిన క్షణంలో ఆ చెయ్యి అతని సొత్తవుతుంది. ఈ విద్యకు ఆటలో పెట్టిన పేరు అతెమి నగె.

దాని పనితనం తెలియాలంటే ముందు మామూలు పోరు లెక్క చూడాలి. ఈ ఆటల్లో మూలమైన పనులు మూడు: కొట్టడం, కాచుకోవడం, పట్టి విసరడం. దెబ్బను కాపు ఆపుతుంది. కాపులో ఉన్నవాణ్ణి పట్టు లాగేస్తుంది. పట్టుకోవడానికి దగ్గరికొచ్చేవాణ్ణి దెబ్బ నిలువరిస్తుంది. అతెమి నగె ఈ మూడింటిలో ఏదీ కాదు. జాయ్‌స్టిక్‌ను అర్ధచంద్రాకారంగా తిప్పి బటన్ నొక్కితే గీస్ చేతులు చాచి ఒక భంగిమలో నిలుస్తాడు, అంతే. అందులో దాడి లేదు, కాపు కూడా లేదు.

తెర వెనక జరిగేది ఇది. ప్రతి బొమ్మ చుట్టూ ఆట కంటికి కనిపించని పెట్టెలు గీసుకుంటుంది. దెబ్బ తగలగల చోటికి ఒకటి, దెబ్బ తినగల చోటికి ఒకటి. ఎదుటివాడి దెబ్బ పెట్టె మీ ఒంటి పెట్టెను తాకితే మీ ప్రాణపు గీత తరుగుతుంది. అతెమి భంగిమలో మాత్రం సెకనులో చిన్న వంతు కాలం ఆ లెక్క తారుమారవుతుంది. తాకిడి జరుగుతుంది కానీ నష్టం జరగదు. ఆ తాకిడినే ఆట విసురుకు మీటగా తీసుకుంటుంది. వచ్చింది చిటికెడు గుద్దయినా, ఒళ్ళంతా ఊపి వేసిన తన్నయినా, కొట్టినవాడు అదే తీరున నేల మీద పడతాడు. కబడ్డీలో మంచి డిఫెండర్ కూతకొచ్చినవాడి మీదికి ఎగబడడు, టచ్ కోసం కాలు చాచేదాకా ఆగి ఆ మడమనే పట్టేస్తాడు. గీస్ పట్టు కూడా సరిగ్గా అలాగే ఎదుటివాడి ఆశ మీద ఆధారపడి బతుకుతుంది.

ఈ విద్యకు ఎత్తును బట్టి రకాలున్నాయి, ఆటను బట్టి కొద్దిగా మారుతుంటాయి. జోదాన్ పై పట్టు, గాలిలోంచి దిగుతూ వేసే తన్నులకు. చూదాన్ మధ్య పట్టు, నిలబడి విసిరే గుద్దులకు. రియల్ బౌట్ కాలానికి గెదాన్ కూడా చేరింది, అది కాళ్ళ దగ్గర వచ్చేవాటికి. ఇక్కడ చెయ్యి తిరిగిన పనివాళ్ళ వివేకం కనిపిస్తుంది. అన్నింటికీ ఒకే పట్టు ఇచ్చి ఉంటే అది దేవుడిచ్చిన వరమయ్యేది, ఆట మిగిలేది కాదు. ఎత్తు ఎంచుకోమనడంతో అది పందెమైంది. ఎత్తు తప్పితే దెబ్బ నిండుగా తగులుతుంది. ఎదుటివాడు కొట్టకుండా ఊరుకుంటే చేతులు చాచిన గీస్ కాసేపు ఏ రక్షణా లేకుండా దొరికిపోతాడు. విసిరేవాడు వస్తే పట్టు పని చెయ్యదు. దూరం నుంచి వచ్చే శక్తి అలలకూ అది అడ్డు కాదు.

చూసి పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఈ ఆటలు సెకనుకు సుమారు 60 ఫ్రేముల వేగంతో నడుస్తాయి. చిన్న గుద్దు బయటికి రావడానికి నాలుగైదు ఫ్రేములు చాలు, అంటే సెకనులో పదో వంతు కూడా లేదు. కంటికి కనిపించినదానికి వేలు కదలడానికి మనిషికి దానికి రెట్టింపు కాలం పైనే పడుతుంది. కాబట్టి గీస్‌ను ఆడేవాడు దెబ్బను కాదు, దెబ్బ వేయాలన్న కోరికను ముందే పట్టాలి. పట్టు ఫలించినప్పుడు గీస్ నోట వచ్చే ‘ప్రెడిక్టబుల్’ అన్న మాట అందుకే అంత కసిగా తగులుతుంది. ఎదుటివాడి మనసు తెరిచి చదివానన్న సంగతి అతని మొహం మీదే చెప్పడం అది.

ఆ కోరికను పుట్టించే సరంజామా కూడా గీస్ చేతికే ఇచ్చారు. రెప్పూకెన్ అంటే నేలను ఒరుసుకుంటూ పోయే గాలి అల. దాన్ని కాచుకుంటూ కూర్చుంటే ముందుకు సాగలేరు, కాబట్టి ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు దాని మీదుగా గెంతుతారు. గెంతినవాడు దిగుతూ కాలు విసరడం చేతికి పట్టేసిన అలవాటు. జోదాన్ ఎదురు చూసేది ఆ కాలి కోసమే. అల గెంతిస్తుంది, గెంతు కాలు చాపిస్తుంది, చాచిన కాలు విసురుకు దొరుకుతుంది. ఒక్కో పనిముట్టు తర్వాతిదానికి మేత వేస్తుంది.

రెండుసార్లు అలా పడినవాడు మూడోసారి గెంతి కూడా కాలు చాచడు. ఊరికే దిగి కాపులో నిలబడతాడు. గీస్ ఆటలో అసలు గెలుపు ఇదే అని నా నమ్మకం. విసురుతో పోయిన ప్రాణం కొంతే, ఆ తర్వాత చెయ్యి ఎత్తడానికే వెనకాడడం వల్ల పోయేది ఎంతో. అలా బిగుసుకుపోయిన మనిషి దగ్గరికి గీస్ తాపీగా నడిచి వెళ్తాడు, షింకూ నగెతో పట్టి ఎత్తి పారేస్తాడు. కాపును లెక్కచెయ్యని పట్టు అది. కొడితే ఒక రకంగా, కొట్టకపోతే ఇంకో రకంగా ఇద్దరూ ఒకే చేతిలోకి వస్తారు. ఎదురుపట్టుకూ కుస్తీ పట్టుకూ ఇంత దగ్గరి చుట్టరికం కలిపిన పాత్ర ఆ కాలంలో ఇంకొకటి నాకు కనబడలేదు.

రేజింగ్ స్టార్మ్ గురించి ఒక్క ముక్క. రెండు చేతులతో నేలను కొట్టి చుట్టూ శక్తి స్తంభాలు లేపే ఈ పెద్ద దెబ్బకు జాయ్‌స్టిక్ తిప్పే తీరు ఎంతో మెలికది: వెనక కింది మూల, అక్కడి నుంచి ముందుకు, ముందు నుంచి కింద మీదుగా వెనక్కి, చివరికి ముందు కింది మూల. మొదటి అడుగు చూడండి. వెనక కింది మూల అంటే వంగి కాచుకునే చోటే. ఊరికే కాచుకుంటున్న మనిషిలా కనిపిస్తూనే అతను మెలిక మొదలుపెట్టేసి ఉండవచ్చు. ప్రత్యర్థికి ఆ తేడా ఎక్కడా కనిపించదు.

ఈ పనితనం గీస్‌తో ఆగలేదు. 1999లో వచ్చిన ‘గరో: మార్క్ ఆఫ్ ద వుల్వ్స్’లో అతని కొడుకు రాక్ హోవర్డ్ ఉన్నాడు, తండ్రిని అసహ్యించుకుంటూ పెరిగినవాడు. రేజింగ్ స్టార్మ్ అతని చేతుల్లో ఉంది, షింకూ నగె ఉంది. అయితే రాక్ ఆ విసురును మధ్యలో ఆపి, గాలిలో ఉన్నవాణ్ణి వేరే దెబ్బతో అందుకోగలడు. తండ్రి పద్ధతిలో లేని కదలిక అది. ఎదురుపట్టు కూడా మారింది: క్రాక్ కౌంటర్ పేరుతో పైకి ఒకటి, కిందికి ఒకటి, రెండే మిగిలాయి. ఆ ఆటలో జస్ట్ డిఫెండ్ అనే విద్య అందరికీ ఉంది. దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణంలో కాచుకుంటే ప్రాణం కొద్దిగా తిరిగి వస్తుంది. ఎదుటివాడు ఎప్పుడు కొడతాడో చదివే ఆట, ఒకప్పుడు గీస్ ఒక్కడిది, అక్కడ యంత్రం ముందు నిలబడ్డ ప్రతివాడి చేతికీ వచ్చింది.