అమ్మ పోయాక స్కెచ్ పుస్తకం

నిత్య స్కెచ్ అంటే కంటి ముందున్నదాన్ని రోజూ కాసేపు కూర్చుని గీయడం. ఆ బొమ్మను అమ్మేదీ లేదు, గోడకు తగిలించేదీ లేదు. కన్ను చూసినదాన్ని చెయ్యి వెంటనే అందుకునే అలవాటు పోకుండా కాపాడుకోవడానికే ఈ సాధన. ఏళ్ల తరబడి సాగిన సాధన ఒక్కోసారి ఉన్నట్టుండి తెగిపోతుంది. తెంచే కారణాల్లో తల్లి చావు పెద్దది. చిన్నప్పుడు నోటుబుక్కు వెనక పేజీలో గీసిన ఏనుగును మొదట చూసి మెచ్చుకున్నది ఆమే. ఆ తర్వాత ఎంతమంది చూసినా, ఆమె కంట పడితేనే బొమ్మ పూర్తయినట్టు అనిపించే చిత్రకారులు చాలామంది ఉంటారు. ఆ చూపు లేకుండా పోయాక పెన్సిల్ పట్టాల్సిన అవసరమేమిటో తోచదు. మళ్లీ మొదలుపెట్టాలంటే గుండె దిటవు చేసుకుంటే చాలునంటారు. కానీ అందులో చేతిపనికి సంబంధించిన సంగతులూ చాలానే ఉన్నాయి.

తెలుగు ఇళ్లలో చిత్రకారుడి కంటే ముందు రోజూ గీత గీసే మనిషి అతని తల్లి. నెల్లూరుకు తూర్పున సముద్రం దాకా సాగే తోటపల్లి గూడూరు మండలంలో ఒకపక్క వరిమళ్లు, ఇంకోపక్క రొయ్యల గుంటలు, వాటితోపాటు బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోటలు, కోడూరు తీరపు ఇసుక. ఈ పల్లెల్లో తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, తడి ఆరకముందే ముగ్గు పెడతారు. మధ్యాహ్నానికల్లా కోళ్లూ సైకిళ్లూ దాన్ని చెరిపేస్తాయి. మర్నాడు మళ్లీ కొత్తది. సంతకం లేని, దాచుకోని, ఒక్కపూటా మానని గీత అది.

ముగ్గు పెట్టే చేతిని దగ్గరగా చూడాలి. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారుతుంది. చెయ్యి నేలకు తగలకుండా కాస్త ఎత్తులో కదులుతుంది. మెల్లగా కదిలితే గీత లావవుతుంది, వేగం పెరిగితే సన్నబడుతుంది. మలుపు దగ్గర వేళ్లు కొద్దిగా బిగిస్తే పిండి కుప్పపడదు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. అలా కలవాలంటే కన్ను ఎప్పుడూ పిండి పడుతున్న చోటును దాటి రాబోయే చుక్క మీద ఉండాలి. గీత మందాన్ని చేతి వేగంతో అదుపు చేయడం, కన్ను చేతి కంటే ముందు నడవడం: డ్రాయింగ్ నేర్చుకునేవాళ్లకు మొదట కావాల్సిన ఈ రెండూ వాకిట్లోనే ఉన్నాయి. వాటిని పాఠమని ఎవరూ చెప్పలేదు కనుక, నేర్పినావిడ పేరు చిత్రకారుల జీవితచరిత్రల్లో అరుదుగా కనబడుతుంది.

చావు జరిగిన ఇంట మైల తీరేదాకా వాకిట్లో ముగ్గుండదు. దారిన పోయేవాళ్లకు ఆ బోసి వాకిలే సంగతి చెబుతుంది. పెద్దకర్మ అయ్యాక ఇల్లు కడుగుతారు. ఆ ఏడాది పండగలు లేకపోయినా చాలా ఇళ్లలో చిన్న ముగ్గు మాత్రం మళ్లీ పడుతుంది. అది గొప్పగా ఉందా లేదా అని ఎవరూ చూడరు, నాలుగు గీతలైనా చాలు. ఆచారం దుఃఖానికి గడువు పెట్టి, గడువు తీరగానే చేతికి ఒక చిన్న పని అప్పజెప్పింది. బొమ్మలు గీసేవాళ్లకు అలాంటి గడువు పెట్టేవాళ్లు లేరు. అందుకే పుస్తకం మూతపడితే నెలలూ ఏళ్లూ అలాగే ఉండిపోతుంది.

మళ్లీ పెన్సిల్ పట్టినవాళ్లు సాధారణంగా మొదట చేసే పని తల్లి ముఖం గీయబోవడం. సాధన ఇక్కడే రెండోసారి తెగుతుంది. ముక్కు నూలుపోగంత పక్కకు జరిగినా ఆ బొమ్మలో ఉన్నది ఆమె కాదు, ఇంకెవరో. వేరే మనిషిని గీస్తున్నప్పుడు అది దిద్దుకోదగ్గ తప్పే. తల్లి విషయంలో మాత్రం ఉన్న జ్ఞాపకం కూడా చెదిరిపోతోందన్న భయం పట్టుకుంటుంది. ఒకటి రెండు కాగితాలు చించేశాక పుస్తకం మళ్లీ బీరువాలోకి పోతుంది.

తల్లి బతికుండగా గీసుకున్నవాళ్లు అదృష్టవంతులు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514 మార్చిలో తల్లి బార్బరాను బొగ్గుతో గీశాడు. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. 18 మంది పిల్లల్ని కని, వాళ్లలో చాలామందిని మట్టిలో కలుపుకున్న మనిషి. నుదుటి మడతలు, ఎండిన బుగ్గలు, బిగిసిన మెడనరాలు, వేటినీ అతను దాచలేదు. రెండు నెలలకు, మే నెలలో, ఆమె పోయింది. ఆమె ఏ రోజు, ఏ వేళకు పోయిందో అదే కాగితం మీద సిరాతో చేర్చాడు. ఆ బొమ్మ ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. అందంగా చూపాలన్న ఆరాటం లేకుండా, ఉన్నది ఉన్నట్టు అంతసేపు చూడటంలోనే కొడుకు ప్రేమంతా తెలుస్తుంది. మంచాన పడ్డ తల్లిని గీయడం అపచారమని చాలామంది వెనకాడతారు. ఆ సంకోచం అక్కర్లేదని ఈ ఒక్క బొమ్మ చెబుతుంది.

ఆర్మేనియన్ చిత్రకారుడు ఆర్షిల్ గోర్కీకి ఆ అదృష్టం లేదు. 1912లో వాన్ పట్టణంలో, కూర్చున్న తల్లి పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒక్కటే మిగిలింది. 1919లో ఆమె యెరెవాన్‌లో ఆకలితో చనిపోయింది. మరుసటేడు అతను అమెరికా చేరాడు. 1926 ప్రాంతంలో మొదలుపెట్టి పదేళ్లకు పైగా ఆ ఫొటో ఆధారంగా రెండు పెద్ద చిత్రాలు వేస్తూ, గీకుతూ, మళ్లీ వేస్తూ గడిపాడు. ముఖాలు నిలిచాయి. తల్లి చేతులు మాత్రం వేళ్లు విడిపడని తెల్లటి ముద్దలుగానే మిగిలాయి. అవి అలా ఎందుకు మిగిలాయన్నదానికి పండితులు రకరకాలుగా చెబుతారు. రోజూ గీసేవాళ్లకు తోచేది ఒకటుంది: ఆ చేతులు ఎలా కదిలేవో ఫొటో చెప్పలేదు.

పంఢర్‌పూర్‌లో పుట్టిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ పసితనంలోనే తల్లి జైనబ్‌ను పోగొట్టుకున్నారు. ఆమె ముఖం ఆయనకు గుర్తు లేదు. మదర్ థెరీసా మీద వేసిన వరుస చిత్రాల్లో నీలం అంచు తెల్లచీర ఉంటుంది, ముసుగు లోపల ముఖం ఉండదు. తోట వైకుంఠంది వేరే దారి. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లోనూ, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్న ఆయన, తన బొమ్మల్లోని తెలంగాణ స్త్రీలకు మూలం తల్లేనని చెప్పుకున్నారు. పెద్ద కుంకుమబొట్టు, నల్లని ఒళ్లు, ముదురు రంగు చీర. ఆ స్త్రీలు ఫలానావిడ అని గుర్తుపట్టేలా ఉండరు. తల్లి కట్టూబొట్టూ, ఆమె నిలబడే తీరూ ఊరి ఆడవాళ్లందరివీ అయ్యాయి. పోలిక కోసం పాకులాడకుండా తీరును పట్టుకున్నారు కనుకే ఒక్క తల్లి నుంచి అన్ని బొమ్మలు వచ్చాయి.

నిత్య స్కెచ్‌కు తిరిగి రావాలనుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఇదే: ముఖాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆమె చేతులు మసలిన వస్తువుల దగ్గర మొదలుపెట్టాలి. కత్తిపీటనే తీసుకోవచ్చు. కాలు నొక్కిపట్టిన చోట పీటచెక్క నున్నబడి, కొద్దిగా పల్లమై, మిగతా చెక్క కంటే నిగనిగలాడుతుంది. సానపట్టీ పట్టీ కత్తి నడుమ సన్నబడి ఉంటుంది. పులుసులోకి చేపలూ మామిడికాయా ఏళ్ల తరబడి తెగింది ఆ జానెడు మేరలోనే. పెన్సిల్‌ను వాలుగా పట్టి ఆ నున్నటి చోట నీడ వేస్తుంటే, ఆమె ఏ కాలు ముడుచుకుని కూర్చునేదో, తల ఎటు వంచేదో దానంతటదే గుర్తుకొస్తుంది. ముఖం కోసం నేరుగా వెతికినప్పుడు దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. గీయడానికీ గుర్తుకూ ఉన్న సంబంధం ప్రయోగాల్లోనూ తేలింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒక మాటను రాసుకున్నప్పటి కంటే దానికి బొమ్మ గీసుకున్నప్పుడు అది బాగా గుర్తుంటుంది. బొమ్మ చక్కగా రావాల్సిన పని కూడా లేదు.

మొదటి రోజులకు అనువైన పద్ధతిని అమెరికన్ డ్రాయింగ్ అధ్యాపకుడు కిమోన్ నికొలాయిడీస్ నేర్పాడు. అతను పోయాక 1941లో వెలువడిన పుస్తకంలో అది వివరంగా ఉంది. కాగితం వైపు చూడకూడదు. చూపును వస్తువు అంచు వెంట చీమ పాకినట్టు నడిపిస్తూ, పెన్సిల్‌ను అదే వేగంతో కదపాలి. బొమ్మ వంకరగా వస్తుంది, రానివ్వాలి. బాగా రావాలన్న బెంగే ఉండదు కనుక చెయ్యి బిగుసుకోదు. రబ్బరు దగ్గర పెట్టుకోకపోవడం మేలు. పేజీ మూల తేదీ, కింద వస్తువు పేరు రాస్తే చాలు. రోలు, చేట, మందుల డబ్బా, పులుసు చట్టి, చివరన కళ్లజోడు. కళ్లజోడును చివరికి ఉంచడానికి కారణముంది. దాన్ని గీస్తుంటే చూపు ఊరికే ముఖం మీదికి పోతుంది.

వస్తువులు అయ్యాక వాకిలి దాటాలి. ఇంట్లోనే ఉండిపోతే అదే మూల, అదే నీడ, అదే దిగులు. కోడూరు ఇసుక మీద పొద్దున ఎండ ముదిరితే కాగితం మీద కన్ను నిలవదు కాబట్టి, తెల్లవారగానే వెళ్లడం మంచిది. అక్కడ అందరికంటే మంచి మోడల్ వల బాగుచేసుకునే జాలరి. అతని చేతులు ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేస్తాయి. ఒకసారి తప్పిపోయిన మణికట్టు వంపు కొద్ది క్షణాల్లో తిరిగొస్తుంది. మొదటి రౌండులో భుజం, రెండోదాంట్లో మోచెయ్యి, ఆ తర్వాత వేళ్లు పట్టుకోవచ్చు. వరినాట్లు వేసే ఆడవాళ్ల దగ్గరా అంతే. నెల్లూరు జిల్లాలో ప్రధాన వరి పంట ఈశాన్య రుతుపవనాల వానలతో మొదలవుతుంది కనుక నవంబరు, డిసెంబరు నెలల్లో గట్టు మీద కూర్చుంటే కావాల్సినన్ని వంగిన నడుములు, నారుకట్టలు, నీటిలో నీడలు.

సముద్రపు గాలి తేమకు కాగితం మెత్తబడుతుంది. గట్టి హెచ్‌బీ పెన్సిల్ దాన్ని గీరుతుంది, జెల్ పెన్ సిరా పాకుతుంది. 2బీ, 4బీ పెన్సిళ్లు ఇక్కడ సుఖం. బొగ్గూ 6బీ చెమట చేతికి అంటుకుని పేజీ అంతా నల్లబడుతుంది. పుస్తకం అరచేతిలో ఇమిడేంతే ఉండాలి. చిత్రకారుడు నందలాల్ బోస్ పోస్టుకార్డంత ముక్కల మీద దారిలో కనబడినవన్నీ గీసుకునేవారు. చిన్న కాగితానికి ఎక్కువ సమయం పట్టదు, పదిమంది చుట్టూ మూగరు.

ఇక మిగిలింది మనుషులు, ముందుగా తల్లి తరఫు వాళ్లు. చిన్నమ్మ గోంగూర తుంచుతున్నప్పుడు వేళ్లు విరిచే తీరులో, మేనమామ తుండు దులిపి భుజాన వేసుకోవడంలో ఆమె తీరు ఎక్కడో తగులుతుంది. “చిన్నమ్మా, అట్టే కూర్చో” అంటే మాత్రం చెయ్యి కొయ్యబారిపోతుంది, ఫొటోలో చెయ్యిలాగే అయిపోతుంది. పని చేసుకుంటుంటే, కబుర్లు వింటూ గీయాలి. ఆ కబుర్లలో పోయినావిడ సంగతులు ఎలాగూ వస్తాయి. అవి కూడా పేజీ వెనక రెండు ముక్కలు రాసి పెట్టుకోవడం మంచిది. చిన్నమ్మ చెయ్యి గీయడం వచ్చిన నాటికి తల్లి ముఖం గీయాలా వద్దా అన్న ప్రశ్న తొందరపెట్టదు. కొందరు ఆ తర్వాత గీస్తారు, కొందరు ఎప్పటికీ గీయరు. రెండూ సరైనవే.

నిండిన పుస్తకాలను భద్రం చేయడం తీరప్రాంతంలో పెద్ద పనే. వానలు పడే వైపు గోడకు ఆనించిన అరలో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది, కింది అరలో పెడితే చెదలు. లోపలి గోడకున్న పై అరలో, పడుకోబెట్టి ఉంచాలి. మెత్తని పెన్సిల్‌తో గీసిన పేజీల మధ్య బటర్ పేపర్ పెడితే ఒకదాని నలుపు ఇంకోదానికి అంటదు. కార్తీకంలో వానలు పట్టకముందు ఒకసారి, అవి వెలిశాక ఒకసారి నీడలో తెరిచి గాలాడనివ్వాలి. ఎర్రటి ఎండలో పెడితే కాగితం పచ్చబడుతుంది. నచ్చని బొమ్మలను కూడా పుస్తకంలోంచి చించకూడదు. కుట్టిన పుస్తకంలో ఒక పేజీ చించితే దానికి జతగా ఉన్న అవతలి పేజీ వదులై, కొన్నాళ్లకు అదీ ఊడొస్తుంది.