అటక మీది టైర్లు

పాత బండి కొనడానికి వచ్చే తెలివైనవాడు ముందు బానెట్ ఎత్తమనడు. చేవెళ్ల అవతలి నుంచి వచ్చిన పూలతోట రైతు మా బామ్మర్ది థార్ జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. గొంతుక్కూర్చుని టైరును జానలతో కొలిచాడు. ఆ తర్వాత మీటర్ చూశాడు. 48,000.

"టైర్లు కంపెనీవి గావు గదన్నా. మీటర్ చూపెట్టేదానికన్నా బండి ఎక్కువే తిరిగింది," అన్నాడు.

నిజమే. ఆ బండికి కంపెనీ ఇచ్చిన చక్రం ఎత్తు సుమారు 31 అంగుళాలు. మావాడు వేయించినవి 33. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటర్ మాత్రం పాత లెక్కనే చుట్లు లెక్కపెడుతుంది. 48,000 అంటే నిజానికి 51,000. పశువుల సంతలో ఎద్దు సుడులు చూసి బేరం చెప్పే కన్ను అది. కాలం మారి కార్ల మీద పడిందంతే.

మొయినాబాద్ చుట్టుపక్కల ఇలాంటి బండ్లు బోలెడు. జంట జలాశయాలను కాపాడడానికి 1996లో 111 జీవో వచ్చాక ఇక్కడ పెద్ద మేడలు లేవలేదు గానీ ఫామ్‌హౌస్‌లు లేచాయి. వాటి గేట్ల ముందు ఎత్తు పెంచిన జీపులు లేచాయి. ఆదివారం పొద్దున అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే, మర్రిచెట్ల కింద నిలబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు కనబడతారు. మా బామ్మర్దీ వాళ్లలో ఒకడు. పది లక్షల అప్పు, 84 కిస్తీలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ. దాని మీద మూడున్నర లక్షల సోకులు: టైర్లు, రెండంగుళాలు ఎత్తే కిట్, ముందు ఇనుప బంపర్, నెత్తిన లైట్ల పట్టీ, అద్దాలకు నల్ల ఫిల్మ్, లారీ కూడా సిగ్గుపడే హారన్.

మూడేళ్లకు పిల్లలిద్దరయ్యారు, వెనక సీటు చాలలేదు, అమ్మేద్దామన్నాడు. లెక్క చూస్తే 36 కిస్తీల్లో కట్టింది 5 లక్షల 88 వేలు. బాకీ ఇంకా ఆరున్నర లక్షలు. అంటే అసలులో తీరింది మూడున్నరే, సోకులకు పోసింది కూడా మూడున్నరే. ఈ మాట వాడికి చెప్పి ఉండకూడదు. వారం రోజులు "బావా" అని పిలవలేదు.

వాడు ధర చెప్పేటప్పుడు ఆ మూడున్నరనూ కలిపాడు. రైతు దాన్నే తీసేశాడు. ఒకడి ముచ్చట ఇంకొకడికి మరమ్మతు. పైగా అందులో సగానికి చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి ఒక్కో మార్పుకూ ఐదు వేల జరిమానా పెట్టారు. అద్దాల నల్ల ఫిల్మునైతే కోర్టు 2012లోనే వద్దంది.

కాబట్టి అమ్మడమంటే ముందు విప్పడం. బిగించేవాళ్లు వీధికొకరు దొరుకుతారు గానీ, విప్పి మళ్లీ మామూలు చేసేవాడు దొరకడం కష్టం. మొయినాబాద్‌లో ఒక ముసలి మెకానిక్ ఒప్పుకున్నాడు. రెండు ఆదివారాలు నేనూ పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. బంపర్ బోల్టులు తుప్పుపట్టి కదలలేదు. డీజిల్ పోసి, బీడీ ముట్టించి (డీజిల్‌కు దూరంగానే లెండి), పది నిమిషాలాగి, సుత్తితో రెండు తట్లు తట్టి, అప్పుడు పానా పెట్టాడు. కిర్రుమంది, వదిలింది. లైట్ల కోసం ఎవడో అసలు వైరును మధ్యలో కోసి, చుట్టిన నల్ల టేపు ఎండకు జిగురై వేళ్లకు అంటుకుంది. "ఇది చేసినోని చేతులిరగ," అని అక్కడ ఒక్క తిట్టు తిట్టి, మళ్లీ పనిలో పడ్డాడు. పాత స్ప్రింగులు, షాకులు ఎత్తే కిట్ వేసినప్పుడే పాత ఇనుములో పోయాయట, కొత్తవి కొనాల్సి వచ్చింది. టైర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. తోటలోని పెంకుటింటి అటక మీద, గోనెసంచులు కప్పుకుని. మా అత్తగారు దాచారు. "కంపెనీ ఇచ్చింది పారేస్తరా ఎవరన్న?" అన్నది ఆవిడ ప్రశ్న.

ఈలోగా ఒక బ్రోకరు తగిలాడు. కాగితాలు తర్వాత చూసుకుందాం, మిగిలిన కిస్తీలు నేను కట్టుకుంట, బండి ఇచ్చెయ్యన్నాడు. మావాడు తాళాలు ఇవ్వబోయాడు. నేను అడ్డం పడ్డాను. 2007లో అమ్మిన ఒక కారు చేతులు మారి 2009లో ప్రమాదం చేస్తే, రికార్డులో పేరు మారలేదు గనుక, కాగితం మీది పాత యజమానే పరిహారం కట్టాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కిస్తీ ఆగితే బ్యాంకు వచ్చేదీ మన గుమ్మానికే.

రైతుదీ అదే పట్టు. "ఆర్సీ కార్డు మీద బ్యాంకు పేరుండంగ బండి మీదెట్లయితదన్నా?" ఇక్కడే చిక్కుముడి. బాకీ తీరందే బ్యాంకు కాగితమివ్వదు, కాగితం లేందే రైతు డబ్బివ్వడు, డబ్బు లేందే మావాడు బాకీ తీర్చలేడు. ముగ్గురం కలిసి బ్యాంకుకే పోయాం. ఆ రోజుకు ఎంత కడితే తీరుతుందో రాయించుకుని, రైతు ఆ మొత్తాన్ని నేరుగా లోన్ ఖాతాలో వేశాడు. నిరభ్యంతర పత్రం, ఫారం 35 రెండు ప్రతులు వచ్చాకే పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు, అప్పుడే మిగతా పైకం. అన్ని రోజులూ బండి మా దగ్గరే, నమ్మకం ఆయన దగ్గర. బ్యాంకు నుంచి వచ్చే దారిలో చిలుకూరు గుడి దగ్గర ఆగి పదకొండు ప్రదక్షిణలు చేశాడు మావాడు. హుండీ లేని దేవుడు కాబట్టి అక్కడ ఖర్చేమీ కాలేదు.

బండి చేవెళ్ల వైపు వెళ్లిపోయింది, కంపెనీ టైర్ల మీద, మామూలు ఎత్తులో. లైట్ల పట్టీ ఇప్పుడు తోటలో బోరు మోటారు గదికి బిగించాం. రాత్రి మోటారు వేసేటప్పుడు బాగా పనికొస్తోంది.

33 అంగుళాల టైర్లు నాలుగూ అటకెక్కించేటప్పుడు కింద నుంచి అందిస్తూ మావాడు గొనిగాడు: "జాగ్రత్త బావా, గోనెసంచి కప్పు. మళ్ల పనికొస్తయ్."