అబీగయీలు - నాబాలు: ఒక విషమదాంపత్యము

సమూయేలు మొదటి గ్రంథమున 25వ అధ్యాయము కథాకథనమున మేలైనది. కర్మెలులో 3,000 గొఱ్ఱెలు, 1,000 మేకలు గల సంపన్నుఁడు నాబాలు. అతని భార్య అబీగయీలు. ఆమె సుబుద్ధియు రూపవతియు ననియు, అతఁడు మోటువాఁడును దుర్మార్గుఁడును ననియు కథకుఁడు మొదటనే చెప్పివేసెను. హెబ్రీభాషలో నాబాలనఁగా మూర్ఖుఁడు. ఇంతటితో నిది గుణములకు మనుష్యరూప మిచ్చిన కల్పితకథ యని తోఁచును.

అట్టి కథ తెలుఁగునకుఁ గ్రొత్త కాదు. 15వ శతాబ్దిలో ఉదయగిరి నేలిన బసవరాజు మంత్రి గంగయ, నంది మల్లయ ఘంట సింగయలచేఁ బ్రబోధచంద్రోదయమును గృతినందెను. (ఆ బసవరాజునకే దూబగుంట నారాయణకవి పంచతంత్రము నంకితమిచ్చెను, ఆ కొలువున వివేకమునకు గిరాకి యుండినదనవచ్చును.) కృష్ణమిశ్రుని సంస్కృతనాటకమునకుఁ బద్యకావ్యరూపమైన యా కృతిలో మహామోహునకు మిథ్యాదృష్టి తోడు, వివేకునకు మతి తోడు. మౌఢ్యమునకు మౌఢ్యమును, బుద్ధికి బుద్ధియుఁ గూడి, రెండు పక్షములు రణరంగమునఁ దలపడును. సమూయేలు గ్రంథమున నన్ననో ఆ రెండును ఒక్క కప్పుక్రింద, ఒక్క పొయ్యికడఁ గాపురము చేయుచున్నవి. కవులకు సులభమైనది యుద్ధము, కష్టమైనది కాపురము.

బైబిలు కథలు అమెరికను బాప్తిస్టు మిషనుతో ఉదయగిరికి 1885లోను, ఆత్మకూరునకు 1893లోను స్థిరముగాఁ జేరినవి. ఆ మెట్టసీమ గొఱ్ఱెల సీమయే యైనను నెల్లూరు గొఱ్ఱెకు వెండ్రుకలే కాని ఉన్ని లేదు. కావున బొచ్చుకత్తిరింపు పండుగ యచ్చటి పాఠకునకుఁ గంటి యెదుటి వస్తువు కాదు. కళ్లమున మేర యడుగ వచ్చినవారిని తిట్టి పంపిన యాసామిని తలఁచుకొన్నచో నాబాలు చేసిన పని యెంతటిదో యతనికిఁ దెలియును. అరణ్యమున మందలను గాచిన దావీదు పదిమందిని పంపి యడిగించెను. నాబాలు, దావీదెవఁడు, యజమానులను విడిచి పాఱిపోవు దాసు లీ దినములలో ననేకులని యెత్తిపొడిచెను. కాపుకాయుమని దావీదు నెవ్వరడిగిరి, ఇది బెదిరించి పుచ్చుకొనుట కాదా యను శంక న్యాయమైనదే. దానికి సమాధానమును కథకుఁడు దావీదు నోటఁ బెట్టలేదు. నాబాలు పనివాని నోటఁ బెట్టెను. రేయింబవళ్లు వారు మాకుఁ బ్రాకారమువలె నుండిరని వాఁడే సాక్ష్యమిచ్చెను.

అయినను 400 మందితోఁ గత్తి గట్టి ఆ యింటి మగవారి నందఱిని జంపఁబూనిన దావీదును వివేకి యనరాదు. అబీగయీలు ఒక మూర్ఖునకుఁ గాక ఇద్దఱు మూర్ఖుల నడుమ నిలిచినది.

పెనిమిటికిఁ జెప్పక 200 రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసము, వండిన యైదు గొఱ్ఱెలు, ఇంకను బెక్కు వస్తువులు పంపి, పరపురుషుని యెదుట మగనిని మూర్ఖుఁడనుట పతివ్రతకుఁ దగునా యని తెలుఁగు పాఠకుఁడు తప్పక యడుగును. ఆమె మాటల వరుసను జూడవలెను. దోషమును మొదటఁ దనపై వేసికొన్నది. ఆ పిమ్మటనే భర్త, రాజు కాఁగల వాని కోపమునకుఁ జాలినవాఁడు కాఁడని చులుకనచేసినది. ఆ చులుకనయే వాని ప్రాణమునకు డాలు. ఆమె కాపాడినది భర్తను మాత్రమే కాదు. నిరపరాధుల రక్తదోషమునుండి దావీదును గూడ.

ఇంటికి వచ్చునప్పటికి నాబాలు రాజువలె విందుచేసి మత్తుఁడై యుండెను. ఆమె తెల్లవాఱువఱకు నోరు మెదపలేదు. అంత దీర్ఘముగా మాటలాడిన స్త్రీయొక్క యీ మౌనమే యామె బుద్ధికిఁ బరమోదాహరణము. ఉదయమున విన్నంతనే నాబాలు గుండె పగిలి ఱాయివలె నయ్యెను. పది దినములకు మరణించెను.

తరువాతి భాగము పలుచనిది. దావీదు వర్తమానమంపెను, ఆమె దాసివలె నంగీకరించి వెడలెను. సిక్లగులో అమాలేకీయులు చెరఁబట్టినపుడును, హెబ్రోనులోఁ గుమారుని గన్నపుడును ఆమె పేరు వినఁబడును. మాట మఱి వినఁబడదు. దావీదునకు భార్యయైన తరువాతఁ గూడ గ్రంథకర్త యామెను నాబాలు భార్య యనియే వ్యవహరించుచు వచ్చెను.