బొడోనీ యక్షరము – ఔచిత్య విచారము

విలియం మారిస్ 1893లో లండనునందు గ్రంథముద్రణమును గూర్చి ప్రసంగించుచు, అచ్చుటైపులన్నిటిలోను చదువుటకు మిక్కిలి కష్టమైనది బొడోనీ యక్షరమని నిందించెను. చేతిముద్రణమునకు మరల గౌరవము కలిగించిన మహనీయుని తీర్పగుటచే దానిని తేలికగా త్రోసివేయరాదు. అయినను ఆ దోషము అక్షరమునదా, దానిని వాడినవారిదా యని విచారింపవలసియున్నది.

జియాంబాటిస్టా బొడోనీ (1740–1813) 1768 నుండి ఇటలీలోని పార్మా డ్యూకుగారి ముద్రణాలయమును నిర్వహించెను. ఆయన రోమను అక్షరములలో నిలువుగీత మిక్కిలి లావు. అడ్డుగీత వెండ్రుకవలె సన్నము. గీతల కొనలందుండు సెరిఫులు, అనగా అడ్డుపాదములు, ఏ వంపును లేక నిలువుగీతకు తిన్నగా తగులుకొనును. కలమును ఏటవాలుగా పట్టి వ్రాసిన జాడ యిందు దాదాపు లేదు. ఉలితో చెక్కిన నిగ్గే కలదు. ఇంతటి సన్నదనమునకు నునుపైన కాగితము కావలెను. ఇంగ్లండులో జాన్ బాస్కర్‌విల్ 1757లో వర్జిల్ కావ్యములను అట్టి కాగితముపై ముద్రించి యీ మార్గమును తెరచియుండెను. బొడోనీ మరణానంతరము ఆయన భార్య మార్గరీటా 1818లో ప్రకటించిన రెండు సంపుటముల ‘మాన్యువాలే టిపోగ్రాఫికో’లో పెద్ద యక్షరములు విశాలమైన తెల్లని పుటలయందు రాజసముతో నిలిచియున్నవి.

19వ శతాబ్ది ప్రారంభమున లండనులో టైపు పోతపోయువారు, ముఖ్యముగా రాబర్ట్ థోర్న్, ఈ జాతి యక్షరములను ప్రకటనలకై మరింత బలిపించిరి. నిలువుగీతలు ఉబ్బెను, సన్నగీతలు సన్నగనే యుండెను. ఇవి చదివించుటకు పుట్టినవి కావు, వీధిలో పోవువానిని పిలుచుటకు పుట్టినవి. 1928లో అమెరికాలో ఎం. ఎఫ్. బెంటన్ రూపొందించిన ‘అల్ట్రా బొడోనీ’ యీ వంశములోనిదే.

ఇట్టి యక్షరములతో గ్రంథపాఠమును అచ్చువేసినచో నేమగునో తెలియుటకు ‘మినిమమ్’ అను ఇంగ్లీషు మాట యొక్కటి చాలును. చిన్నబడి యక్షరములలో వ్రాసినచో దానియందు 15 నిలువుగీతలు. వానిని కలుపు సన్నగీతలు చిన్న పరిమాణమున కంటికి ఆనవు. మాట పోయి కంచె మిగులును. ఆ యక్షరమే పుస్తకపు ముఖపత్రమున, నాటకప్రకటనలో, నాలుగు మాటల శీర్షికలో అందగించును. మొలనూలు మెడలో ధరించినవారు నవ్వుపాలగుదురన్న క్షేమేంద్రుని మతము ఇచ్చటను చెల్లును.

తెలుగులిపికి ఇట్టి నిలువుకంబములు లేవు. మన యక్షరమును బొద్దుచేసినచో ముందుగా చెడునది దాని కడుపులోని తెలుపు. థకారపు చుక్క గోడ కంటుకొని ధకారమువలె తోచును. సిద్ధాంతవ్యాసములను ఆసాంతము బొద్దక్షరములతో సమర్పించు విద్యార్థులు దీనిని గమనింతురుగాక.

మారిస్ నిందకు సమాధానము బొడోనీ పనిలోనే కలదు. ఆయన ప్రతి పరిమాణమునకును అక్షరమును వేరుగా చెక్కెను. చిన్నవానిలో సన్నగీతలకు బలము హెచ్చు. పార్మాలో ఆ పనిని పరిశీలించిన పిదపనే 1994లో ‘ఐటీసీ బొడోనీ’ 6, 12, 72 పాయింట్లకు మూడు వేర్వేరు రూపములతో వెలువడెను. వానిలో 6 పాయింట్ల రూపమును 72కు పెంచినచో మొద్దుగా నుండును; 72 పాయింట్ల రూపమును 6కు కుదించినచో గీతలు విరిగినట్లు కనబడును.