మేక గుండె ఇచ్చిన సాక్ష్యము

గుండెయందలి పై గదులను కర్ణికలు అందురు. వానిలో విద్యుత్తరంగములు దారి తప్పి చిందరవందరగా తిరిగినపుడు ఆ గదులు సరిగా ముడుచుకొనక గిలగిల కొట్టుకొనుచుండును. ఈ వ్యాధిని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. తెలుగున కర్ణికాకంపము అనవచ్చును. కర్ణికలో నిలిచిన నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము కలుగును.

ఈ కంపము పెక్కుమందిలో మొదట కొద్దిసేపు వచ్చి పోవును. పిమ్మట గంటలు, దినములు నిలుచును. తుదకు కాపురము పెట్టును. మూలవ్యాధి ముదురుటవలన ఇట్లగుచున్నదా, లేక కంపమే కంపమును స్థిరపరచుచున్నదా? రోగియందు ఈ రెంటిని విడదీయుట దుస్సాధ్యము. నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్ నగరమున మారిట్స్ అలెస్సీ బృందము 1995లో ప్రకటించిన మేకల ప్రయోగము ఈ చిక్కును విప్పబూనినది. దాని కీర్తి గొప్పది. అది నిజముగా ఎంతవరకు సాక్ష్యమిచ్చినదో తూచి చూడవలసియున్నది.

జంతువు ఎన్నిక మెచ్చదగినది. దారి తప్పిన తరంగము గానుగెద్దువలె చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చును. అప్పటికి అచ్చటి కండ తేరుకొని యున్నచో ముందునకు సాగును, లేనిచో ఆరిపోవును. కనుక కంపము నిలుచుటకు తగినంత కండ కావలెను. ఈ సంగతిని 1914లోనే గారీ అను శాస్త్రజ్ఞుడు చూపెను. నిమిషమునకు సుమారు 600 సార్లు కొట్టుకొను చిట్టెలుక గుండె మిక్కిలి చిన్నది; అందు కంపము దీర్ఘకాలము నిలుచుట కష్టము. మేక గుండెయందు చోటు చాలును.

ప్రయోగవిధానము సులభమైనది. ఆరోగ్యముగా నున్న మేకల కర్ణికలపై ఎలక్ట్రోడ్లు కుట్టిరి. గుండె సహజగతికి వచ్చినపుడెల్ల ఒక యంత్రము విద్యుత్తు నిచ్చి మరల కంపమును పుట్టించుచుండెను. మొదట కంపము సగటున 6 సెకండ్లలో తానే ఆగిపోయెడిది. సుమారు వారము గడచుసరికి 11 మేకలలో 10 మేకలయందు 24 గంటలకు మించి నిలిచెను. కండ తేరుకొను వ్యవధి 146 మిల్లీసెకండ్లనుండి 95కు తగ్గెను. వ్యవధి తగ్గినకొలది తరంగమునకు తక్కువ చోటు చాలును. సహజగతి నిలిపిన వారములోపల ఈ మార్పులు తిరిగి సర్దుకొనెను. రోగములేని గుండెలోనే ఇది జరుగుటచే, కంపమే కంపమునకు తల్లి యని ఋజువైనది.

ఇంతవరకు ఆక్షేపణ లేదు. కాని వ్యవధి తగ్గుట మొదటి కొద్ది దినములలోనే ముగిసినది. కంపము స్థిరపడుటకు అంతకుమించిన కాలము పట్టినది. కావున వ్యవధి యొక్కటే కారణము కాజాలదు. 1999లో మాంట్రియల్‌లో స్టాన్లీ నాటెల్ బృందము కుక్కలలో గుండె నీరసమును కల్పించి పరీక్షించినది. అచ్చట వ్యవధి తగ్గకయే, కర్ణికలలో నారకణజాలము పెరుగుటచే కంపము నిలిచినది. రోగులలో అనేకులు వృద్ధులు, రక్తపోటు గలవారు. భారతదేశమున కీళ్లవాత జ్వరముచే కవాటము ఇరుకైనవారును కలరు. వీరి కర్ణికలలో పేరుకొనిన నార వారములో కరగిపోవునది కాదు.

ఈ భేదమును మరచినచో, గతిని సరిచేసిన చాలును, అన్నియు చక్కబడునను ఆశ పుట్టును. 2002లో వెలువడిన ఆఫర్మ్ పరిశోధన 4060 మంది రోగులను పరిశీలించినది. గతిని సరిచేయజూచినవారు, వేగమును మాత్రము అదుపులో నుంచినవారికంటె ఎక్కువకాలము బ్రదుకలేదు. అయితే 2020లో ఈస్ట్ పరిశోధన, వ్యాధి తెలిసిన ఏడాదిలోపలనున్న 2789 మందిని తీసికొన్నది. సత్వరము గతిని సరిచేయబూనిన వర్గమున మరణము, పక్షవాతము మున్నగు విపత్తులు నూరుమందికి సంవత్సరమునకు 3.9, సాధారణ చికిత్స పొందిన వర్గమున 5.0. ఆలస్యము తగదను మేకల పాఠమునకు ఇది అనుకూలమే. కాని రోగులలో మేలు కలిగిన మార్గము మేకలలో చూచినదే యని దీనివలన తేలదు.

జంతువు సాక్షివంటిది, అడిగిన ప్రశ్నకే ఉత్తరమిచ్చును. కంపము తన పునాదిని తానే వేసికొనగలదని మేక చెప్పినది. ముసలి గుండెలో నారను ఎవరు పేర్చిరో దానిని ఎవరును అడుగలేదు. అడుగని ప్రశ్నకు ఉత్తరమును దాని నోట పెట్టుట శాస్త్రము కాదు. ఆ పొరపాటునకు మూల్యము చెల్లించువాడు రోగి.