వీణ పోయింది సరే, పెన్షను వచ్చిందా?

తనకి మూడు పేర్లున్నాయని మా పిన్నికి అరవయ్యెనిమిదో ఏట తెలిసింది. బాబాయి సర్వీసు పుస్తకంలో సుబ్బలక్ష్మి. బ్యాంకు పుస్తకంలో సుబ్బులక్ష్మి. ఆధార్ కార్డులో సుబ్బ, కాస్త ఖాళీ వదిలి, లక్ష్మి. ఆ ఖాళీలో ఆవిడ ఫ్యామిలీ పెన్షను ఏడు నెలలుగా ఇరుక్కుపోయి ఉంది. "ఈ ముగ్గురూ ఒకరేనని నోటరీ చేత అఫిడవిట్ రాయించుకు రండమ్మా" అన్నాడు గుమాస్తా, పాపం మర్యాదగానే. "ముగ్గురం ఎక్కడ నాయనా, నేనొక్కదాన్నేగా వచ్చాను" అంది పిన్ని.

ఆ ఆఫీసు బెంచీమీద కూచుంటే నాకు రెండు కథలు గుర్తొచ్చాయి. రెండూ తెలుగువి కావు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మ పట్టుబట్టి హిందీ పరీక్షలకి కట్టిస్తే అబ్బిన నాలుగు ముక్కల పుణ్యమా అని చదివినవి.

ఒకటి కిషన్ చందర్ 'జామున్ కా పేడ్'. అంటే నేరేడు చెట్టు. రాత్రి గాలివానకి సెక్రటేరియట్ పచ్చికలో నేరేడు చెట్టు పడిపోతుంది. తెల్లారి చూస్తే దాని కింద ఓ మనిషి, ప్రాణంతోనే ఉన్నాడు. చుట్టూ చేరిన గుమాస్తాలు ముందు దేన్ని గురించి విచారించారనుకున్నారు? నేరేడు పళ్ళ గురించి! ఎంత రసంగా ఉండేవో అని. నలుగురూ ఓ చెయ్యి వేస్తే చెట్టు లేస్తుంది. కానీ సూపరింటెండెంటు గారు పైవాళ్ళని అడగాలంటారు. ఇక ఫైలు ఊరేగింపు మొదలు. వాణిజ్య శాఖ, వ్యవసాయ శాఖ, ఉద్యాన శాఖ. పళ్ళ చెట్టు కాబట్టి కొట్టకూడదట. పోనీ మనిషినే కోసి తీసి, తర్వాత అతికిస్తే? దానికి వైద్య శాఖ వారు, ఆపరేషన్ జయప్రదమే కానీ మనిషి బతకడంటారు. అతను కవి అని తెలిసేసరికి సాంస్కృతిక శాఖ, చివరికి విదేశాంగం దాకా పోయింది వ్యవహారం. ఆ మొక్క నాటింది పరదేశపు ప్రధాని మరి!

నన్నడిగితే ఈ కథ మరీ కొలిచి కుట్టిన జాకెట్టులా ఉంటుంది. నాలుగో శాఖ దగ్గరికొచ్చేసరికి ఐదోది ఏమంటుందో మనకే తట్టేస్తుంది. అయినా నేను మరిచిపోలేనిది ఫైళ్ళని కాదు, ఆ తోటమాలిని. రాత్రివేళ చెట్టు కింది మనిషికి పప్పూ అన్నం తినిపిస్తాడు. నీ వాళ్ళెవరికైనా కబురు చెప్పనా అని అడుగుతాడు. నాకెవరూ లేరంటాడతను. తర్వాతెప్పుడో అకాడెమీ కార్యదర్శి వచ్చి, మిమ్మల్ని బయటికి తియ్యలేం కానీ, మీరు పోతే మీ ఆవిడకి భృతి ఇప్పించగలం అంటాడు. పెళ్ళాం ఉందా అని అడిగే తీరిక ఆయనకేదీ?

1960లలో రాసిన ఈ కథని ఐసీఎస్ఈ పదో తరగతి హిందీ పాఠాల్లోంచి 2019లో తీసేశారు. చెట్టు పడి అర్ధ శతాబ్దమైనా ఇంకా ఎవరికో తగులుతూనే ఉందన్నమాట.

రెండోది హరిశంకర్ పర్సాయీ 'భోలారామ్ కా జీవ్'. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. యముణ్ణి చూసి నవ్వుకోవటం మనకి కొత్తేమీ కాదు, 1977లో 'యమగోల' చూడని ఇల్లుందా? పర్సాయీ కథలో యమదూత ఓ జీవాన్ని దారిలో పోగొట్టుకుంటాడు. చిత్రగుప్తుడి లెక్క తప్పుతుంది. వెతకటానికి నారదుడు జబల్పూరు వస్తాడు. ఆ జీవుడు రిటైరై ఐదేళ్ళు పెన్షను కోసం ఎదురుచూసి పోయినవాడు. ఇంట్లో నగలు అమ్మారు, గిన్నెలు అమ్మారు, ఇంటద్దె బాకీ.

నారదుడు ఆవిణ్ణి, మీ ఆయనకి ఇంకెవరిమీదైనా మనసుండేదా అని అడుగుతాడు. అప్పుడు ఆవిడ చూసిన చూపు ఉందే, అది రాయటానికి మగవాడికి చాలా తెలియాలి. సన్యాసివి, ఇలాంటి మాటలేమిటని కడిగేస్తుంది. మరుక్షణం, ఆగిన ఆ పెన్షను ఇప్పించగలవా స్వామీ, పిల్లల కడుపు నిండుతుంది అంటుంది. కోపమూ ఆవిడదే, ప్రాధేయపడటమూ ఆవిడదే. మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు. ఈ రెండు మాటల కోసం నేను నేరేడు చెట్టు మొత్తం ఇచ్చేస్తాను.

ఆఫీసులో, దరఖాస్తుల మీద బరువు పెట్టలేదు కాబట్టి ఎగిరిపోయి ఉంటాయంటారు. నారదుడు అమాయకంగా అక్కడున్న పేపర్‌వెయిట్లు చూపిస్తాడు. చివరికి పెద్దదొర కూతురి సంగీతం కోసం వీణ సమర్పించుకుంటాడు. ఫైలు వస్తుంది, పేరు గట్టిగా పిలిస్తే ఫైల్లోంచి జీవుడు పలుకుతాడు. పోస్టుమానా, ఆర్డరు వచ్చిందా అని! స్వర్గానికి రమ్మంటే, రాను, ఈ కాగితాల్లోనే ఉంటానంటాడు.

గొప్ప ముగింపే, కాదనను. కానీ నాకో ఫిర్యాదు ఉంది. నారదుడు ఆఫీసు మెట్లెక్కాక ఆవిడ కథలోంచి మాయమైపోతుంది. ఫైలుకి నోరొచ్చింది, ఇంట్లో మనిషి నోరు మూగపోయింది. ఆఫీసుల మీద హాస్యం రాసేవాళ్ళందరికీ ఈ జబ్బు కాస్తో కూస్తో ఉంది, నాకూ ఉంది. గుమాస్తా అంత ముద్దుగా కుదిరిపోతాడు! మేజాబల్లకి ఇవతల నించున్నావిడని చూడటం మరిచిపోతాం.

బెంచీమీద పొద్దుపోక పిన్నికి ఈ కథంతా చెప్పాను. పేపర్‌వెయిట్ల దగ్గర పక్కావిడ కూడా నవ్వింది. పిన్ని నవ్వలేదు.

"ఇంతకీ ఆవిడకి పెన్షను వచ్చిందా?" అంది.

"రాయలేదు పిన్నీ."

"వీణ?"

"అది దొరగారి దగ్గరే."

పిన్ని కళ్ళజోడు సవరించుకుని, సంచీలోంచి అఫిడవిట్ కాగితాలు తీసి మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది.