జబ్బ నుంచి భుజానికి

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా మా పెదనాన్న ఒక మధ్యాహ్నం అరుగు మీద పాత పంచె ముక్క పరుచుకుని, బ్రాసో డబ్బా పక్కన పెట్టుకుని, యూనిఫాం స్టార్లు తుడిచేవాడు. ఈ భుజానికి రెండు, ఆ భుజానికి రెండు.

"రెండు స్టార్లంటే లెఫ్టినెంటు కదా పెదనాన్నా?" అన్నాను ఒకసారి, తెలిసినవాడిలా.

ఆయన చేతిలోది కింద పెట్టి, స్టార్ల పక్కనుండే సన్నని ఎరుపు, పసుపు గుడ్డపట్టీ చూపించాడు. "ముందు దీన్ని చూడాలిరా. నేను సుబేదారుని."

ఆ పట్టీ విలువ నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. మన సైన్యంలో సిపాయిగా చేరినవాడి జబ్బ మొదట ఖాళీ. లాన్స్ నాయక్ అయితే ఒక ఫీతీ, నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు. ఇంగ్లీషు 'వి' అక్షరంలా మొన కిందికి ఉండే ఆ చారలన్నీ జబ్బ మీదే. ఆ పైమెట్టు నాయబ్ సుబేదార్. అక్కడ ఫీతీలు పోయి, గుర్తు భుజం మీదికి ఎక్కుతుంది. పట్టీతో ఒక స్టార్. సుబేదారుకు రెండు. సుబేదార్ మేజరుకు అశోకుడి సింహాలు. 1950లో దేశం రిపబ్లిక్ అయ్యాక బ్రిటిష్ కిరీటం స్థానంలో వచ్చిన సింహాలవి. మేజర్ భుజం మీదా అవే ఉంటాయి. తేడా ఆ పట్టీ ఒక్కటే.

జబ్బ నుంచి భుజానికి జానెడు దూరం కూడా లేదు. మా పెదనాన్నకు అది దాటడానికి 20 ఏళ్లు పట్టింది.

డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో పరేడ్ ముగిశాక, అమ్మానాన్నలు కొడుకు భుజాలకు స్టార్లు పెట్టే ఫొటోలు చూస్తే నాకూ కళ్లు చెమరుస్తాయి. ఆ కుర్రాడు అదే రోజు రెండు స్టార్ల లెఫ్టినెంటు అవుతాడు. పెదనాన్నకు మొదటి స్టార్ పెట్టింది కమాండింగ్ ఆఫీసరూ, సుబేదార్ మేజరూ. అప్పటికి మా తాతయ్య లేడు. స్టార్ వచ్చిన సంగతి నాయనమ్మకు ఉత్తరంలో తెలిసింది.

కొత్త లెఫ్టినెంటుకు సుబేదారు సెల్యూట్ చేస్తాడు. ఆ లెఫ్టినెంటు, తండ్రి వయసున్న ఆ సుబేదారును 'సాబ్' అని పిలుస్తాడు. ఒకరిది ఆఫీసరు హోదా, ఇంకొకరిది అనుభవం. రెండింటికీ మర్యాద దక్కే ఏర్పాటు అది. స్టార్లు లెక్కపెట్టి ఆగిపోయేవాళ్లకు అది కనబడదు.

బాధ్యతను 'భుజాన వేసుకోవడం' అంటాం మనం. పెదనాన్న పోయాక ఆయన పెట్టెలో ఆ స్టార్లు దొరికాయి. ఇత్తడి నల్లబడింది గానీ, పట్టీలో ఎరుపు ఇంకా ఎరుపే. బ్రాసో తెచ్చి, అదే అరుగు మీద కూర్చుని తుడిచాను. పట్టీకి మరక అంటకుండా, ఆయన లాగే, ముందు దాన్ని తీసి పక్కన పెట్టాను.